ఫోన్‌తో ఇస్తామన్న గిఫ్టు అయిదు నెలలైనా రాలేదు, వైజాగ్‌లో ఎవరికైనా వచ్చిందా?

ఎంవీపీ అమ్మ | మార్చి 3, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. దసరా ఆఫర్లలో డాబాగార్డెన్స్‌లోని ఒక షాపులో మా అమ్మాయికి ఫోన్ కొన్నాం. 34,999 రూపాయలు. పన్నెండు నెలల ఈఎంఐ, దాంతోపాటు ఒక నెట్‌వర్క్ వాళ్ళ పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఏడాది వాడాలని షరతు. రెండూ ఒప్పుకుంటే స్మార్ట్‌వాచ్ ఉచితం అన్నారు. నిజం చెప్పాలంటే ఆ వాచ్ కోసమే ఈ ఫోన్ తీసుకున్నాం. ఇంకో కంపెనీ ఫోన్ మూడు వేలు తక్కువకి వచ్చేది, బాగానే ఉంది కూడా.

60 రోజుల్లో ఇంటికి వస్తుందన్నారు. ఇప్పటికి అయిదు నెలలు. షాపుకి వెళ్తే "కంపెనీ పంపాలండీ" అంటారు. కంపెనీ కస్టమర్ కేర్‌కి చేస్తే "షాపు వాళ్ళు వివరాలు ఎక్కించలేదు" అంటారు. నెట్‌వర్క్ వాళ్ళని అడిగితే "మాది ప్లాన్ వరకే" అన్నారు. ఎంవీపీ నుంచి డాబాగార్డెన్స్‌కి ఇప్పటికి ఆరుసార్లు తిరిగాను. అమ్మాయి "వదిలేయమ్మా" అంటోంది. నాకు వదలబుద్ధి కావడం లేదు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా 5వ తారీఖున ఒక్క రోజు కూడా ఆగకుండా కట్ అవుతోంది కదా!

ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమిలి గాలి | మార్చి 3, ఉదయం 9:42

మా తమ్ముడికీ ఇదే. వాడికి ఇయర్‌బడ్స్ అన్నారు. ఎనిమిది నెలలయ్యాక వాడే మర్చిపోయాడు. వాళ్ళకి కావలసింది కూడా అదేనేమో మేడం.

సీతమ్మధార సుబ్బారావు | మార్చి 3, ఉదయం 10:15

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఉచితంగా ఇస్తామన్నది ఇవ్వకపోతే అడిగే హక్కు మనకేం ఉంటుంది? ఫోన్‌కి డబ్బులిచ్చారు, ఫోన్ వచ్చింది. అది పనిచేస్తోంది. గిఫ్టు అంటే వాళ్ళ దయ. ఇస్తే తీసుకోవాలి, లేకపోతే ఊరుకోవాలి. ఆటో ఖర్చులు, టెన్షన్ లెక్కేస్తే వాచ్ ఖరీదు దాటిపోతుంది.

కౌంటర్ కుర్రాడు | మార్చి 3, మధ్యాహ్నం 1:30

నేను జగదాంబ దగ్గర ఒక మొబైల్ షాపులో నాలుగేళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఆ లైన్‌లో లేను, అందుకే లోపల ఎలా జరుగుతుందో ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

గిఫ్టు స్కీమ్ పెట్టేది కంపెనీ. పంపే పని చాలాసార్లు వేరే ఏజెన్సీకి ఇస్తారు. ఫోన్ కొన్నాక ఇన్ని రోజుల్లోగా బిల్లు ఫోటో, ఐఎమ్ఈఐ నంబరు (ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు), చిరునామా ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. కొన్ని స్కీముల్లో కస్టమరే ఎక్కించాలి, కొన్నిట్లో షాపు చేయాలి. ఇది బిల్లు ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన ముక్క. పండగ రద్దీలో కౌంటర్ దగ్గర ముప్పైమంది నిలబడి ఉంటే ఎవరూ చెప్పరు. నేనూ చాలామందికి చెప్పలేదు, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

తిరస్కరించడానికి మామూలుగా చూపే కారణాలు ఇవి. రెండు సిమ్ముల ఫోన్‌కి రెండు ఐఎమ్ఈఐలు ఉంటాయి. బిల్లు మీద మొదటిది ఉంటే ఫారంలో రెండోది కొట్టేస్తారు, సిస్టం "సరిపోలలేదు" అంటుంది. ఫోన్‌లో *#06# కొడితే రెండూ కనిపిస్తాయి, బిల్లు మీద ఉన్నదానితో పోల్చి చూడండి. ఇంకోటి, బిల్లు అమ్మాయి పేరు మీద, ఈఎంఐ అమ్మ పేరు మీద ఉండడం. మూడోది, బిల్లు ఫోటో మసకగా రావడం. ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. కానీ తిరస్కరించామని ఎస్సెమ్మెస్ కూడా పంపరు, మనం వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటాం.

మేడం, మీ బిల్లు ఒకసారి చూడండి. గిఫ్టు సంగతి బిల్లు మీద రాసి ఉందా?

ఎంవీపీ అమ్మ | మార్చి 3, సాయంత్రం 6:05

బాబూ, చాలా థాంక్స్. బిల్లు తీసి చూశాను. కింద పెన్నుతో "వాచ్ పెండింగ్" అని రాసి షాపు ముద్ర వేశారు. షాపు ముందు కట్టిన ఫ్లెక్సీని ఆ రోజు అమ్మాయి ఫోటో తీసి స్నేహితురాలికి పంపిందట, అది ఇంకా వాట్సాప్‌లో ఉంది. అందులో వాచ్ బొమ్మ, "ఉచితం" అన్న మాట పెద్దక్షరాల్లో ఉన్నాయి. బిల్లు, ఈఎంఐ రెండూ నా పేరు మీదే.

ద్వారకానగర్ వకీలు | మార్చి 3, రాత్రి 9:20

ఆ రెండూ భద్రంగా పెట్టుకోండి అమ్మా. ముద్ర వేసిన ఆ పెన్ను గీత మీకు చాలా విలువైనది.

సుబ్బారావు గారూ, మీరు అన్నమాట కంపెనీల వకీళ్ళు కూడా అంటారు. చట్టంలో వాళ్ళకి పట్టు దొరికేది ఎక్కడంటే, "సేవ" అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో ఉచితంగా చేసే సేవ చేరదు. కాబట్టి ఉచిత వాచ్ విషయంలో మీరు వినియోగదారు కాదు అని వాదిస్తారు. పైకి చూస్తే సబబుగానే ఉంటుంది.

కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ సంగతిని విడిగా పట్టించుకుంది. 2వ సెక్షన్‌లో 47వ క్లాజు అనుచిత వ్యాపార పద్ధతుల గురించి. ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా బహుమతులు ఇస్తామని చెప్పడం అందులో ఒకటి. కట్టించుకున్న డబ్బులోనే పూర్తిగానో కొంతగానో ఖరీదు కలిసి ఉన్న వస్తువును ఉచితమని నమ్మించడం కూడా అందులోనే ఉంది. అంటే గిఫ్టు పేరుతో జరిగే మోసాన్ని చట్టం ముందే ఊహించి పేరు పెట్టి రాసింది. ఇది కొత్తగా పుట్టిందీ కాదు, పాత 1986 చట్టంలోనూ ఉండేది.

ఇంకోటి ఆలోచించండి. ఈమె 34,999 ఇచ్చింది ఉత్త ఫోన్‌కి కాదు. ఫోన్, ఏడాది ప్లాన్, వాచ్ మూడూ కలిపి చెప్పిన మాటకి ఇచ్చింది. మూడు వేలు తక్కువకి వచ్చే ఫోన్‌ని వదులుకుంది కూడా. అలాంటప్పుడు ఆ వాచ్ దయ ఎలా అవుతుందండీ? ధరలో భాగం అది.

సీతమ్మధార సుబ్బారావు | మార్చి 4, ఉదయం 7:50

నేను ఈ కోణంలో ఆలోచించలేదు. అడగమనే చెప్తున్నాను ఇప్పుడు. అయితే వకీలు గారూ, కోర్టంటే ఏళ్ళు పడుతుంది కదా. వాచ్ కోసం అంత దూరం వెళ్ళాలా?

ద్వారకానగర్ వకీలు | మార్చి 4, ఉదయం 11:40

ముందే కోర్టుకి వెళ్ళమనను. మొదట కాగితం మీద అడగాలి. ఫోన్‌లో వందసార్లు మాట్లాడినా అది గాలిలో కలిసిపోతుంది. షాపుకి, ఫోన్ కంపెనీకి, నెట్‌వర్క్‌కి ముగ్గురికీ ఒకే ఉత్తరం రాయండి. ఒక్కరికే రాస్తే మిగతా ఇద్దరి మీదకి తోసేస్తారు. ఈమెయిల్ పంపండి, స్పీడ్ పోస్టులో కూడా పంపి డెలివరీ రుజువు దాచుకోండి. వకీలు సంతకం అవసరం లేదు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా బిల్లు నంబరుతో, ఫలానా ఐఎమ్ఈఐ గల ఫోన్ కొన్నాను. కొన్న రోజున మీ ప్రకటనలో ఫలానా మోడల్ స్మార్ట్‌వాచ్ 60 రోజుల్లో ఇస్తామన్నారు. ఆ గడువు ఫలానా తేదీతో ముగిసింది. నా వైపు నుంచి ఈఎంఐ, ప్లాన్ బిల్లు ఒక్కటి కూడా ఆపలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా అదే మోడల్ వాచ్ గాని, ఆనాటి మార్కెట్ ధర గాని ఇవ్వండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను."

ఇంతే. తిట్లు వద్దు, వేడుకోళ్ళు వద్దు. ఆరుసార్లు తిరిగిన తేదీలు గుర్తుంటే అవి రాయండి.

దీంతోపాటే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తీర్పు ఇవ్వరు గాని, ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఇస్తారు, కంపెనీకి పంపుతారు. షాపు వాళ్ళు ఎత్తని ఫోన్‌కి బదులుగా కంపెనీలో ఈ పని చూసే ఉద్యోగి దగ్గరికి మీ మాట చేరుతుంది.

గాజువాక మెకానిక్ | మార్చి 4, మధ్యాహ్నం 2:15

ఏటండీ, ఇన్ని ఉత్తరాలెందుకు. గిఫ్టు ఇవ్వకపోతే ఈఎంఐ ఆపేయడమే. నేను అలాగే చేశాను పోయినేడాది. ఆపిన నెలకి వాళ్ళే ఫోన్ చేశారు.

అనకాపల్లి పాసింజర్ | మార్చి 4, మధ్యాహ్నం 2:40

ఫోన్ చేసింది గిఫ్టు ఇవ్వడానికా, ఈఎంఐ అడగడానికా అన్నా?

గాజువాక మెకానిక్ | మార్చి 4, రాత్రి 8:30

ఈఎంఐ అడగడానికే. గిఫ్టు సంగతి ఎత్తితే మాకు సంబంధం లేదన్నారు. పెనాల్టీ పడింది. ఆ తర్వాత బండి లోన్‌కి వెళ్తే సిబిల్ స్కోరు, అదే అప్పులు సరిగ్గా కడుతున్నామా అని చూసే లెక్క, తగ్గిందని వడ్డీ ఎక్కువ చెప్పారు. ఇక్కడ రాసింది చదివాక అనిపిస్తోంది, నేను తప్పు మనిషి మీద కోపం చూపించాను. మేడం, మీరు మాత్రం ఆపొద్దు.

ద్వారకానగర్ వకీలు | మార్చి 4, రాత్రి 9:05

నిజం చెప్పినందుకు సంతోషం తమ్ముడూ, చాలామందికి పనికొస్తుంది. ఈఎంఐ అప్పు ఇచ్చింది ఫైనాన్స్ సంస్థ, గిఫ్టు మాట ఇచ్చింది వేరేవాళ్ళు. ఆ కాగితాలు వేరు, ఈ కాగితాలు వేరు. పోస్ట్‌పెయిడ్ ప్లాన్ కూడా మధ్యలో మానేయకండి. షరతు మీరే తప్పారని వాళ్ళకి సాకు దొరుకుతుంది.

అనకాపల్లి పాసింజర్ | మార్చి 5, ఉదయం 6:55

రైల్లో కూర్చుని ఇదంతా చదివాను. నాదీ ఒక సందేహం సార్. నేను ఉండేది అనకాపల్లిలో, ఉద్యోగం విశాఖలో. ఫోన్ కొన్నది హైదరాబాద్‌లో. జిల్లాలు విడిపోయాక నేను ఎక్కడ ఫిర్యాదు చేయాలి? హైదరాబాద్ వెళ్ళాలా?

ద్వారకానగర్ వకీలు | మార్చి 5, ఉదయం 10:30

వెళ్ళక్కర్లేదు. 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు ఇదే. పాత చట్టంలో కంపెనీ ఎక్కడుందో, వ్యవహారం ఎక్కడ జరిగిందో అక్కడే వేయాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే చోట గాని, పని చేసుకుని సంపాదించే చోట గాని వేయొచ్చు. మీరు విశాఖలో ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి విశాఖ జిల్లా కమిషన్ సరిపోతుంది.

మిగతావి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీరు కట్టిన సొమ్ము 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్. 5 లక్షల వరకు ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, ఇది 2025 జనవరి 1న మొదలైంది, అంతకుముందు ఈ-దాఖిల్ అనేవారు. విచారణకి వీడియోలో హాజరయ్యే వీలు కూడా చట్టం ఇచ్చింది. నోటీసు అందాక అవతలివాళ్ళు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు. ఆ 45 రోజులు దాటాక పొడిగించే వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సుబ్బారావు గారు అడిగిన ఆలస్యం సంగతి దాచను. వస్తువుకి ల్యాబ్ పరీక్షలు అవసరం లేని ఫిర్యాదు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, పనిలో మాత్రం అంతకంటే ఎక్కువ పట్టడం నేను చూస్తూనే ఉంటాను. అయినా నోటీసు అందాక చాలామంది రాజీకి వస్తారు.

ఒక్క గడువు మాత్రం మనకీ ఉంది. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి.

లెస్టర్‌లో విశాఖ పిల్ల | మార్చి 5, సాయంత్రం 4:10

మాది మద్దిలపాలెం, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ చాలామంది ఫోన్లు కాంట్రాక్టు మీద తీసుకుంటారు, గిఫ్టుల గొడవ ఇక్కడా ఉంది. నాకు హెడ్‌ఫోన్స్ రావాల్సి ఉండగా నాలుగు నెలలు ఆలస్యం చేశారు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను, తేలకపోతే అంబుడ్స్‌మన్ (కంపెనీతో సంబంధం లేకుండా ఫిర్యాదులు తేల్చేవాళ్ళు) దగ్గరికి వెళ్తానని అందులోనే రాశాను. కస్టమర్‌కి ఆ సేవ ఉచితం. వారంలో పార్సిల్ వచ్చింది. ఊరు మారినా పద్ధతి ఒకటేలా ఉంది ఆంటీ, కాగితం కదిలితేనే వస్తువు కదులుతుంది.

ఉక్కు మాస్టారు | మార్చి 5, రాత్రి 8:45

స్టీల్ ప్లాంట్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో ఉంటాను. వకీలు గారు రెండేళ్ళు అన్నారు కదా, ఆ మాట చదివి బీరువాలో పాత ఫైలు తీశాను.

రెండేళ్ళ కిందట సంక్రాంతి ముందు, జనవరి 10న, నాకూ మా ఆవిడకీ రెండు ఫోన్లు తీసుకున్నాను. రెండు పోస్ట్‌పెయిడ్ కనెక్షన్లు కూడా. జంటగా తీసుకుంటే ట్యాబ్లెట్ ఒకటి ఉచితం, 90 రోజుల్లో ఇస్తామని అచ్చేసిన కరపత్రం ఇచ్చారు. అది ఇప్పటికీ ఉంది. మా ఆవిడ ఆ ట్యాబ్లెట్‌లో మనవరాలితో వీడియోలో మాట్లాడాలని ఆశపడింది. చిన్న ఫోన్‌లో ఆవిడకి ముఖం సరిగా కనిపించదు. ఏడాది తిరిగి మానేశాను. పోయిన ఆగస్టులో ఆవిడ కాలం చేసింది.

నా రెండేళ్ళు ఎప్పటి నుంచి లెక్క? కొన్న రోజు నుంచైతే అయిపోయినట్టే.

ద్వారకానగర్ వకీలు | మార్చి 5, రాత్రి 9:30

మాస్టారూ, విని మనసు కష్టంగా ఉంది.

కొన్న రోజు నుంచి కాదు. 90 రోజుల్లో ఇస్తామన్నారు కాబట్టి, ఆ 90 రోజులు ముగిసినా ఇవ్వని రోజు నుంచి లెక్క అని మీరు వాదించవచ్చు. అది ఏప్రిల్ రెండో వారంలో పడుతుంది. అంటే మీకు ఇంకా నెల పైన ఉంది, కానీ ఒక్క రోజు కూడా వృథా చేయకండి. చివరి రోజు దాకా ఆగితే తేదీల లెక్క మీదే సగం వాదన నడుస్తుంది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించే వీలు చట్టంలో ఉంది, అయినా దానిమీద ఆధారపడొద్దు. కరపత్రం, రెండు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు స్కాన్ చేయించండి. ఈ వారంలోనే నోటీసు పంపండి. డ్రాఫ్టు నేను చూసిపెడతాను, ఫీజు మాట ఎత్తకండి.

కౌంటర్ కుర్రాడు | మార్చి 5, రాత్రి 10:10

మాస్టారు గారూ, స్కానింగు, పోర్టల్‌లో ఎక్కించడం నేను చేస్తాను. శనివారం గాజువాక వస్తున్నాను, కూర్మన్నపాలెం దగ్గరే కదా. మీ ఇంటికి వస్తాను.

భీమిలి గాలి | మార్చి 9, ఉదయం 8:20

ఇక్కడ ఒకటి అడగాలి. మా తమ్ముడి కరపత్రంలో కింద చిన్నక్షరాల్లో "స్టాక్ ఉన్నంత వరకు" అని ఉంది. అలా రాస్తే ఇంక ఏమీ చేయలేమా?

ద్వారకానగర్ వకీలు | మార్చి 9, మధ్యాహ్నం 12:15

ఆ మాట రాసినంత మాత్రాన అయిపోదు. మీ తమ్ముడు కొన్న రోజున స్టాక్ లేకపోతే ఆ రోజే చెప్పాలి, లేదని తెలిస్తే అతను కొనేవాడో కాదో. డబ్బు కట్టించుకుని, పెండింగ్ అని రాసిచ్చి, నెలల తర్వాత స్టాక్ లేదంటే అది వేరే సంగతి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు తెచ్చింది. "ఉచితం" అని చెప్పే ప్రకటనలకీ, ఎర చూపి కొనిపించే ప్రకటనలకీ అందులో విడిగా నియమాలున్నాయి. పెద్దక్షరాల్లో ఇచ్చిన మాటని చిన్నక్షరాల్లో వెనక్కి తీసుకోవడం కుదరదు. అలాంటి ప్రకటనకి ఆ అథారిటీ మొదటిసారి 10 లక్షల వరకు జరిమానా వేయగలదు. ఆ జరిమానా మీ తమ్ముడి చేతికి రాదు గాని, ఫ్లెక్సీ ఫోటో పెట్టి ఫిర్యాదు పంపితే తర్వాత కొనేవాళ్ళకి మేలు.

ఎంవీపీ అమ్మ | మార్చి 17, సాయంత్రం 5:30

ఉత్తరాలు 5వ తారీఖున పంపాను, 1915కీ చెప్పాను. ఇవాళ ఫోన్ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగా మాట్లాడింది. ఆ మోడల్ వాచ్ ఇప్పుడు లేదట, బదులుగా 1,500 రూపాయల వోచరు ఇస్తారట, అదీ వాళ్ళ వెబ్‌సైట్‌లోనే వాడాలి. ఫ్లెక్సీ మీద ఆ వాచ్ విలువ 4,999 అని వాళ్ళే వేసుకున్నారు! ఈ రోజే ఓకే అంటే రేపు పంపేస్తామంది. ఒప్పుకోవాలా?

కౌంటర్ కుర్రాడు | మార్చి 17, సాయంత్రం 5:50

ఓకే అనకండి మేడం. ఓకే అంటే ఫైల్ మూసేస్తారు. అదే ఈమెయిల్‌లో రాసి పంపమనండి.

ద్వారకానగర్ వకీలు | మార్చి 17, రాత్రి 8:00

అతను చెప్పింది సరైనది. వాళ్ళ ఈమెయిల్ వచ్చాక ఒక్క వాక్యం జవాబు రాయండి: "మీ ప్రకటనలో విలువ 4,999 అని మీరే చెప్పారు, అదే మోడల్ గాని, అంతకు తగ్గని మోడల్ గాని, 4,999 నగదు గాని ఇవ్వండి." వోచరు ఇస్తామని వాళ్ళు రాసిన క్షణమే, మీకు బాకీ ఉన్నామని వాళ్ళే ఒప్పుకున్నట్టని మీరు వాదించవచ్చు. ఇప్పటిదాకా వివరాలు ఎక్కలేదన్న మాట ఏమైంది చూడండి.

ఎంవీపీ అమ్మ | మార్చి 28, ఉదయం 11:15

వాచ్ వచ్చింది. పాత మోడల్ కాదు, దానికంటే కొత్తది. కొరియర్ అబ్బాయి ఉండగానే విప్పి, ఆన్ చేసి, వీడియో తీశాను. పెట్టెలో ఛార్జర్ ఉంది, వారంటీ కార్డు మీద తేదీ ఇప్పటిదే వేయించాను. షాపు వాళ్ళకి "అందింది" అని రాసిచ్చేటప్పుడు "అయిదున్నర నెలల తర్వాత" అని కూడా రాశాను. అమ్మాయి నిన్న కాలేజీకి పెట్టుకెళ్ళింది.

మీ అందరికీ రుణపడి ఉంటాను. మాస్టారు గారూ, మీ సంగతి ఏమైందండీ?

ఉక్కు మాస్టారు | ఏప్రిల్ 2, సాయంత్రం 6:40

నోటీసుకి ఇద్దరు జవాబు ఇవ్వలేదు. షాపు మూసేసి ఏడాదైందట, అందుకని కంపెనీని, నెట్‌వర్క్‌ని, షాపు యజమానిని ముగ్గురినీ కలిపి ఇవాళ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాం. ఆ అబ్బాయి మూడుసార్లు మా ఇంటికి వచ్చాడు, రెండు రూపాయల జిరాక్సు డబ్బులు కూడా తీసుకోలేదు. వకీలు గారు రాత్రి పదింటికి డ్రాఫ్టు దిద్ది పంపారు.

ఏం కావాలి అన్న గడిలో డబ్బు రాయమన్నారు. నేను ట్యాబ్లెట్టే రాయించాను. మనవరాలు ఇప్పుడు ఒకటో తరగతి, సాయంత్రాలు నాతో మాట్లాడుతుంది. నాకూ చిన్న ఫోన్‌లో ముఖం సరిగా కనిపించడం లేదు.

ఫిర్యాదు నంబరు వచ్చింది. విచారణకి తేదీ వేశాక ఇక్కడ చెప్తాను.